ఒక్కచోటే ఇరవై గాట్లు

నా చిన్నప్పుడు, పదేళ్ళు నిండకముందే, ఒక జబ్బు కణాన్ని బ్లేడుతో కోసి చంపాను. క్యాన్సర్ కణం. మా సామర్లకోటలో ఇంకెవరైనా ఆ పని చేశారేమో కనుక్కోండి.

ఆ వేసవిలో మా నాయనమ్మ కాకినాడలో గొంతు క్యాన్సర్‌కి కరెంటు, అంటే కిరణాల వైద్యం, పెట్టించుకుని ఇంటికొచ్చింది. మెడ మీద చర్మం మాడినట్టు నల్లబడింది. ఆ కిరణాలు ఒంట్లో నిలవుంటాయనీ, దగ్గరికెళితే మనకీ మెడ నల్లబడుతుందనీ వీధిలో పిల్లలు చెప్పారు. నమ్మాను. అంతవరకూ ఆవిడ చేతి ముద్ద లేనిదే అన్నం తిననివాణ్ణి. ఆ రోజు ముద్ద కలిపి పిలిస్తే ఆకలి లేదన్నాను. మళ్ళీ పిలిస్తే కడుపునొప్పన్నాను. మూడోసారి ఆవిడే చెయ్యి చాపితే వెనక్కి జరిగాను. నాయనమ్మ ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది.

అది మా మేనత్త చూసింది. అత్త అప్పట్లో ఢిల్లీలో పరిశోధన చేసేది, నాయనమ్మని చూడ్డానికి వచ్చి ఉంది. కార్బన్ లాంటి పరమాణువుల బరువైన కేంద్రకాలను పెద్ద యంత్రంలో పరుగెత్తించి, గాజు పళ్ళెంలో పెంచిన చిట్టెలుక కణాల మీదికి వదిలి, ఎన్ని బతికాయో చూడటం ఆవిడ పని. నన్ను తిట్టలేదు. పెరట్లోంచి రెండు కొబ్బరితాళ్ళు తెచ్చింది, రెండేసి పేటలు మెలేసినవి.

"కణం ప్రాణమంతా ఇలాంటి తాడులోనే ఉంటుందిరా" అని, మొదటిదానికి పొడుగునా అక్కడక్కడా ఇరవై గాట్లు పెట్టమంది. ఒకటి ఈ పేటకి, ఒకటి ఆ పేటకి. లాగినా తాడు తెగలేదు. గాటు పడినచోట పక్క పేట పట్టుకుని ఉంది.

"మా అమ్మకి పెట్టిన కిరణాలు చాలావరకు ఇలాంటివే. మంచి కణం ఒక్కో గాటూ అతుక్కుంటుంది. జబ్బు కణానికి ఆ నేర్పు తక్కువ."

రెండో తాడుకి అవే ఇరవై గాట్లు బెత్తెడు మేరలో పెట్టమంది. రెండు పేటలూ తెగి ముక్కలయ్యాయి. "ఏదీ, అతుకు చూద్దాం" అంది. ఏ ముక్క ఎక్కడిదో తెలియలేదు. కట్టినవీ తప్పుగానే కట్టాను.

"నేను యంత్రంలోంచి వదిలే బరువైన రేణువు వెళ్ళిన దారి ఇంతే. కణం కంగారుగా తప్పు ముక్కలు అతుక్కుంటుంది. రెండుగా చీలబోయి చస్తుంది. చావకపోతే మరీ ప్రమాదం, ఆ తప్పు అతుకులతో మంచి కణమే జబ్బు కణమైపోవచ్చు. అందుకే ఆ రేణువు జబ్బు దగ్గరే ఆగేలా చూసుకోవాలి."

కాబట్టి నేను చంపింది కణాన్ని కాదు, కొబ్బరితాడుని. ఒప్పుకుంటున్నాను.

"మరి నాయనమ్మ ఒంట్లో ఉన్న కిరణాలో అత్తా?"

"దీపం ఆర్పాక గదిలో వెలుతురు నిలవుంటుందా? ఏమీ అంటుకోదు." తాళ్ళు చుట్టబెడుతూ మెల్లగా అంది: "ఇందాక మా అమ్మకి మూడు గాట్లు పెట్టావు. మూడూ ఒక్కచోటే."

ఆ సాయంత్రం పరుగున వెళ్ళి నాయనమ్మ ఒళ్ళో తలపెట్టి, అడిగి మరీ ముద్ద తిన్నాను. ఇన్నేళ్ళ సంసారంలో ఎవరితోనూ పోట్లాడలేదని చెప్పను. కానీ ఒకసారి నొప్పించిన చోట మళ్ళీ మాట వెయ్యను. ఆ జాగ్రత్త ఆ రోజు నుంచి వచ్చిందే.

ఇదంతా రాసి మొన్న అత్తకి ఇచ్చాను. చివరిదాకా చదివి కాగితాలు నా చేతిలో పెట్టింది.

"తాడు సంగతి బాగానే రాశావు. కానీ నువ్వు వెళ్ళలేదురా. తలుపు చాటునే నిలబడ్డావు. మా అమ్మే మళ్ళీ అన్నం కలుపుకుని నీ దగ్గరికొచ్చింది."