కుట్లు ఆరకముందు

ఆసుపత్రి నుంచి పంపించే రోజు డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నీ ఎదురుగా కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పింది. మూడు నెలలు బరువు ఎత్తకూడదు. గొంతుక్కూర్చోకూడదు. వంగి చీపురు పట్టకూడదు. పైకి కనిపించే కుట్లు తొందరగానే మానతాయి, లోపలివి మానడానికి టైము పడుతుంది, అవి తెగితే మళ్ళీ కడుపు కోయాలి, నీ ఒంట్లో ఉన్న రక్తానికి రెండో కోత తట్టుకోలేవు అంది. మా ఆయన ప్రతి మాటకూ తలూపాడు. అంతా విన్నాక నేను ఒకే ఒక్కటి అడిగాను, గేదె పాలు పిండుకోవచ్చా అని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇంతసేపూ నేను చెప్పింది గోడకా అని అడిగింది.

నవ్వు వచ్చింది గానీ నవ్వలేకపోయాను. నవ్వితే కుట్లు లాగేవి.

ఆ ఆపరేషన్ రెండేళ్ళ కిందటే జరగాల్సింది. గర్భసంచిలో గడ్డ ఉందని, తీసేయాలని అప్పుడే చెప్పారు. ఊడ్పులు అవ్వనీ అన్నాను. తర్వాత చెరకు నరికేయనీ అన్నాను. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉన్నా గుడ్డ బిగించి కట్టుకుని పొలం వెళ్ళిపోయేదాన్ని. చివరికి ఒకరోజు గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోతే, మా ఆయన ఆటో పిలిచి అనకాపల్లి తీసుకెళ్ళాడు. రెండు రోజుల్లో వచ్చి చేరమని చెప్పి పంపారు. అప్పటికి మా గేదె ఈని ఇరవై రోజులు.

ఆ గేదె సంగతి చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. మూడు ఈతల నుంచీ అది నా చేతికి తప్ప ఇంకొకరి చేతికి చేపదు. చేపడమంటే పాలను పొదుగులోంచి చన్నుల్లోకి వదలడం. అది దాని ఇష్టం. వదలకూడదని అనుకుందంటే బ్రహ్మదేవుడు దిగివచ్చి పిండినా చుక్క రాలదు, పైగా తన్ను తింటాడు. దానికి ఆ పొగరు నేర్పింది నేనే. ఇంట్లో ఇంకెవరికీ అలవాటు చేయలేదు. ఆవిడ చెయ్యి పడితే గానీ ఇవ్వదంట అని వీధిలో ఎవరైనా అంటే నాకు లోపల్లోపల గొప్పగా ఉండేది.

ఇలాంటి గేదెలకు మా వైపు ఒక ఉపాయం ఉంది. ఇంటావిడ ఊళ్ళో లేనప్పుడు మగాడు ఆవిడ రోజూ పనికి కట్టే చీర చుట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని పొదుగు దగ్గర కూర్చుంటాడు. వాసన బట్టి గేదె మోసపోతుంది. అలా చీరల్లో కూర్చున్న మీసాలవాళ్ళను చూసి చాలాసార్లు నవ్వుకున్నాను. మా ఆయన కూడా ఆసుపత్రికి వెళ్ళేముందు, నీ చీర ఉంది కదా, నేను చూసుకుంటానులే అన్నాడు. అన్నాడే గానీ, ఆ చీరలకు నేను ఏం చేశానో ఆయనకు తెలియదు.

ఆసుపత్రిలో చేరడానికి ముందు రోజు నేను ఇంట్లో ఉన్న మాసిన బట్ట ప్రతిదీ ఉతికేశాను. ఆపరేషన్ అంటే చుట్టాలు వస్తారు. పలకరింపుకు వచ్చినవాళ్ళు మనిషిని చూడరు, మూలమూలా చూస్తారు. దండెం మీద పేడ మరకల చీర ఒక్కటి కనిపించినా ఏడాది పాటు చెప్పుకుంటారు. ప్రాణం పోతే పోనీ, మాట పడకూడదని నా పంతం. వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టి, పొలం చీరలన్నీ బండకేసి బాది, ఎండలో ఆరేసి మడతలు పెట్టి వెళ్ళాను. నా వాసన ఉన్న గుడ్డముక్క ఇంట్లో ఒక్కటి మిగల్లేదు.

ఆసుపత్రిలో ఉన్న ఆరు రోజులూ మా ఆయన పొద్దున్నా సాయంత్రం ఊరికి వెళ్ళి వచ్చేవాడు. గేదె ఇస్తోందా అని అడిగితే ఊఁ అనేవాడు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే. నా మంచం పక్క స్టూలు మీద కూర్చుని, తిన్నావా అని ఒకసారి, పడుకున్నావా అని ఒకసారి అడిగేవాడు. పడుకున్నదాన్ని పడుకున్నావా అని అడిగితే ఏం చెప్పను. పక్క మంచం ఆవిడ భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. నేను గోడ వైపు తిరిగిపోయేదాన్ని.

ఇంటి ముందు ఆటో దిగగానే గేదె అరుపు వినిపించింది. ఆకలి అరుపు వేరు, దూడ కోసం అరుపు వేరు. ఇది నొప్పి అరుపు. మా ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూడలేదు. మా తోడికోడలు, అంటే మా ఆయన అన్నగారి భార్య, నన్ను మంచం మీద పడుకోబెట్టాక అసలు సంగతి చెప్పింది. ఆరు రోజుల్లో అది గిన్నె నిండా ఒక్కసారి కూడా ఇవ్వలేదంట. సోడా వాసన వేసే చీర చూసి మొదటి రోజే మా ఆయన మోకాలు మీద తన్నిందంట. దూడ తాగినంత తాగింది, మిగిలింది లోపలే ఉండిపోయి వెనక చన్ను ఒకటి రాయిలా గట్టిపడింది. ఇప్పుడు నొప్పికి దూడను కూడా దగ్గరకు రానివ్వడం లేదు. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి, వేడి గుడ్డ కాపడం పెట్టి ఆ చన్ను పూర్తిగా పిండెయ్యాలని, లేకపోతే చన్ను చచ్చిపోయి వాపు పొదుగంతా పాకుతుందని చెప్పి వెళ్ళాడు.

గేదె ఉన్న శాలలోకి వెళ్దామని లేవబోయాను. మా ఆయన గుమ్మంలోకి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"సాల్లో అడుగెట్టేవంతే నా మీద ఒట్టే" అన్నాడు.

మా వైపు ఈ ఒట్టు చిన్న మాట కాదు. అది దాటితే, ఒట్టు పెట్టినవాడికి ఏమైనా జరిగినా నీవల్లే అన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు రోజులు అబద్ధం చెప్పి, ఇప్పుడు ఒట్టు పెడతాడా అని దుప్పటి మొహం మీదకు లాక్కున్నాను. ఆ రోజూ మర్నాడూ మా ఇద్దరికీ మాటల్లేవు. పెద్ద గొంతుతో నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టడానికి కూడా కడుపులో బలం కావాలి.

మూడో రోజు మాకు గానుగ వంతు వచ్చింది. మా నాలుగైదు ఇళ్ళకు కలిపి ఒకటే గానుగ, ఒకటే బెల్లం పెనం. వంతు ముందే రాసి ఉంటుంది. దాని ప్రకారం చెరకు ముందురోజే నరికేశారు. నరికిన చెరకు ఎండిపోతే రసం పులిసి బెల్లం గట్టిపడదు, అందుకని వంతు రోజు ఇంట్లో పీనుగ లేస్తే తప్ప ఎవరూ ఆగరు. మా ఆయన చీకటితోనే వెళ్ళాడు. మధ్యాహ్నం మా తోడికోడలు గానుగ దగ్గరకు అన్నం పట్టుకెళ్ళింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను.

గేదె పది నిమిషాలకోసారి అరుస్తోంది. చెవులు మూసుకుని చూశాను. చేతులు ఎత్తినా కుట్లు లాగాయి. అది అలా అరుస్తుంటే పడుకుని ఉండడం నా వల్ల కాలేదు. కడుపు బెల్టు బిగించుకుని, గోడ పట్టుకుని, గిన్నె ఒకటి తీసుకుని శాలలోకి వెళ్ళాను. కూర్చోను, వంగను, దాని పక్కన నిలబడి నిమురుతాను, నా చెయ్యి తగిలితే అదే చేపుతుంది, దూడను వదిలితే దూడే లాగేస్తుంది అనుకున్నాను. ఒట్టు సంగతి గుమ్మం దాటేటప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా దాటాను.

తల్లీ అని పిలుస్తూ దాని పక్కకు వెళ్ళాను. అది తల తిప్పి నా వంక మూతి చాచింది. ఒకసారి గాలి పీల్చింది. అంతే, బుస్సుమని వెనక్కి జరిగింది.

నాకు తొమ్మిది రోజులుగా స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే. ఒళ్ళంతా ఆసుపత్రి స్పిరిటు, మందు పూసిన ప్లాస్టరు. పది రోజుల కిందటే చీరల్లో నా వాసన వదిలించేశాను, ఇప్పుడు నా ఒంటి మీద కూడా లేదు. అది నన్ను గుర్తుపట్టలేదు. పలుపు తెంచుకునేలా గుంజి, వెనక భాగం నా వైపు తిప్పింది. నాకూ గోడకూ మధ్య అడుగు ఎడం కూడా మిగల్లేదు. గిన్నె చేతిలోంచి జారి మోగేసరికి ఇంకా బెదిరింది. నేను వీపు గోడకు ఆనించి రెండు చేతులూ కడుపు మీద అడ్డం పెట్టుకున్నాను.

అరవాలని చూశాను. కడుపు బిగిసేసరికి కుట్లు లాగి ఆపేశాను. ఫోన్ మంచం మీద ఉంది. గేదె కదిలినప్పుడల్లా దాని తుంటి నా మోచేతులకు తగులుతోంది. ఒకసారి గట్టిగా ఒత్తింది. బెల్టు కింద వెచ్చగా ఏదో జారింది. నైటీ మీద ఎర్రగా కనిపించింది. లోపలివి తెగితే రెండో కోత తట్టుకోలేవు అన్న మాట చెవిలో ఎవరో అరిచినట్టు వినిపించింది. భయం వేసింది. అంత భయం ఆపరేషన్ బల్ల మీద కూడా వేయలేదు.

అప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. గేదె నొప్పి చూడలేక వచ్చానని ఎవరికైనా చెప్పగలను, నాకు చెప్పుకోలేను. నేను లేకపోతే ఈ ఇంట్లో ఒక్క పని జరగదని నాకు నేను చూపించుకోవడానికి వచ్చాను.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఖాళీ గిన్నెలతో తిరిగొచ్చిన మా తోడికోడలు శాల గుమ్మంలో ఆగిపోయింది. ఆవిడ కేక పెట్టలేదు, అదే నన్ను బతికించింది. గిన్నెలు చప్పుడు లేకుండా కింద పెట్టి, చెరకు ఆకు ఒక గుప్పెడు తీసుకుని, అవతలి వైపు నుంచి గేదె మూతి ముందు ఆడించింది. అది మెల్లగా అటు తిరిగింది. ఎడం దొరకగానే నా చెయ్యి పట్టుకుని బయటకు లాగింది. నైటీ మీద రక్తం చూసింది.

"నీకు బతకాలనుందా నేదా సెల్లీ" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

కబురు అందగానే మా ఆయన పొంగుతున్న పెనాన్ని అన్నగారికి వదిలేసి వచ్చాడు. ఒంటి మీద పిప్పి, చేతులకు మసి. ఆటోలో అనకాపల్లి దాకా ఒక్క మాట లేదు. గోతి వచ్చినప్పుడల్లా డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి ఆపేవాడు, అంతే. నాకు గేదె కన్నా ఆ మౌనమే ఎక్కువ భయంగా ఉంది. ఒట్టు దాటినందుకు ఒక్క మాటైనా అనొచ్చు కదా అని కుమిలిపోయాను. డాక్టరమ్మ పైకుట్లు రెండు ఊడాయని చూసి, స్కానింగ్‌కు పంపింది. ఆ గది బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ ఆయన నేల వైపే చూశాడు. లోపల ఏమీ తెగలేదని, ఊడినవి మళ్ళీ వేస్తే చాలని తెలిసింది. ఈ మూడు నెలల లెక్క ఈ రోజు నుంచి మొదలు అని డాక్టరమ్మ నన్ను వదిలేసి ఆయన్ను తిట్టింది. తప్పంతా తనదే అన్నట్టు తలదించుకుని తిట్లు తిన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా తోడికోడలు శాల గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది. నువ్వు ఇక్కడి నుంచి మాట్లాడు, అది గొంతు పోలుస్తుంది, చెయ్యి ఆయన వేస్తాడు అంది. ఈసారి ఆయన చీర కట్టలేదు. పంచె పైకి బిగించి, వేడినీళ్ళలో గుడ్డ ముంచి, ఆ గట్టిపడ్డ చన్నుకు కాపడం పెట్టాడు. నేను రోజూ పిలిచే పిలుపులే పిలుస్తూ కూర్చున్నాను. గేదె రెండు చెవులూ నా వైపు తిప్పింది. రెండుసార్లు కాలు ఎత్తింది, దించింది. ముందు గడ్డలు గడ్డలుగా వచ్చాయి, తర్వాత ఎర్రనీళ్ళు. చాలాసేపటికి సన్నగా తెల్లటి ధార మొదలైంది.

నేను పిలవడం ఆపేశాను. మా ఆయన గొంతు వినిపిస్తోంది. నుదురు గేదె డొక్కకు ఆనించి, మా పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను వినని మెత్తటి గొంతుతో దానితో మాట్లాడుతున్నాడు.

"నొప్పెడతాదని నాకు తెల్దేటి. నాకూ తెలుసు. సెప్తే ఇనవు. మంచం దిగొద్దంతే దిగుతావు. నీకేటైనా అయిపోతే నానెవులితో ఉండాల?"

గేదెకు మంచం ఎక్కడిది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఏడుపు వస్తే కుట్లు లాగుతాయి, అయినా వచ్చేసింది. ఆయన నా మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తాను.

"బావా, ఆ మాటేదో ఇటు తిరిగి సెప్పొచ్చు కదా" అన్నాను.

ఆయన తిరగలేదు. చేతులు ఆపలేదు.

"తిరిగితే సెప్పలేను" అన్నాడు.