కెప్టెన్ ఊదిన బంతి

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. జీవితమంతా ఊపిరితిత్తుల డాక్టరుగా పనిచేశాను. ఊపిరి ఆడనివాళ్లే నా పేషెంట్లు, ఊపిరే లేనివాళ్లతో నాకు పనిలేదు. ఆ మాటే ఇప్పటికీ అంటాను. కాకపోతే, పోయినసారి ఆకులు రాలే కాలం తర్వాత కాస్త గొంతు తగ్గించి అంటున్నాను.

రిటైరయ్యాక మేం అమెరికాలో, నేను పనిచేసిన కేంబ్రిడ్జ్‌లోనే స్థిరపడ్డాం. వంటింట్లో అడ్డం తగులుతున్నానని మా ఆవిడ సుశీల నన్ను దగ్గర్లోని ఒక కాలేజీ మ్యూజియంలో వాలంటీరుగా చేర్పించింది. మ్యూజియం అంటే రెండు గదులు. పాత వస్తువుల మధ్య ఇంకో పాత వస్తువుగా బాగానే ఇమిడిపోయాను.

అక్కడ అద్దాల బీరువాలో ఒక తోలు బంతి ఉంది. ఇక్కడి ఫుట్‌బాల్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, కాలితో కన్నా చేత్తోనే ఎక్కువ ఆడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన ఏడాది ఆ కాలేజీ జట్టు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదట. ఫైనల్ ఒక్కటే మిగిలింది. ఆ రోజుల్లో బంతి లోపలి రబ్బరు తిత్తిని నోటితోనే ఊదేవారు. ఆ జట్టులో ఆ పని కెప్టెన్‌ది. ఫైనల్ రోజు పొద్దున కూడా ఆయనే ఊది, మూతి కట్టి, పైన తోలుకు లేసు బిగించాడు. అంతలో అవతలి జట్టు కుర్రాళ్లు సైన్యంలో చేరిపోయారని కబురొచ్చి మ్యాచ్ రద్దయింది. కెప్టెన్ కూడా యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

ఇదంతా నాకు చెప్పింది మార్గరెట్. ఎనభై దాటిన మనిషి, ఆ కెప్టెన్ తమ్ముడి కూతురు, ఒకప్పుడు నా పేషెంటు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు ఆవిడది. వీపున స్టెతస్కోప్ పెడితే వెల్‌క్రో పట్టీ విప్పుతున్నట్టు చిరచిరమంటుంది. ఆ శబ్దం ఒకసారి వచ్చిందంటే ఇక పోదు. ఎక్కడికెళ్లినా వెంట ఆక్సిజన్ యంత్రం ఉండాల్సిందే.

అన్న ఆ బంతి ఊదుతుంటే పక్కన నిలబడి చూసిన పిల్లాడే ఆవిడ తండ్రి. "మా అన్నయ్య ఊపిరి ఇంకా అందులోనే ఉంది" అని పోయేదాకా అనేవాడట. వాళ్లింట్లో ఆ మనిషికి వేరే సమాధి లేదు.

బంతి ఒకవైపు సొట్టపోయింది. తోలు చీలకముందే లేసు విప్పి, లోపల దూది కూరాలని మ్యూజియం వాళ్లు నిర్ణయించారు. సంగతి తెలిసి మార్గరెట్ ఫోన్ చేసింది. విప్పేటప్పుడు తను పక్కనే ఉండాలి. ఆ ఊపిరి గాల్లో కలిసిపోకుండా తను పీల్చుకోవాలి. అది ఇంటి మనిషికే చేరాలి. ఆవిడ కోరికంతా అదే. ఇంకో ఏడాది చూసే ఓపిక ఆవిడ ఊపిరితిత్తులకు లేదని మా ఇద్దరికీ తెలుసు.

అబద్ధం చెప్పలేక, "రబ్బరులో గాలి నెలలు కూడా నిలవదు మార్గరెట్. లోపల ఏమీ ఉండదు, ఆశ పెట్టుకోకండి" అన్నాను.

"డాక్టర్, మీరు నాతో సిగరెట్లు మాన్పించారు, మెట్లెక్కడం మాన్పించారు. ఇదొక్కటీ వదిలెయ్యండి" అంది.

ఆ మధ్యాహ్నం సుశీల కూడా వచ్చింది. నా కోటు జేబు తడిమి, "ఇంకా ఈ స్టెతస్కోప్ మోస్తూనే ఉన్నారా? బంతిని కూడా చెకప్ చేస్తారా ఏంటి?" అంది.

మ్యూజియం చూసుకునే లిండా గ్లవ్స్ వేసుకుని మెల్లగా లేసు విప్పింది. మార్గరెట్ ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం తీసేసి బంతి మీదికి వంగింది. తోలు విచ్చుకోగానే ఒక నిట్టూర్పు. లిండా, సుశీల, నేను, ముగ్గురం విన్నాం. మార్గరెట్ కళ్లు మూసుకుని ఛాతీ నిండా పీల్చింది. ఆ జబ్బుతో అంత లోతుగా పీలిస్తే దగ్గు తెర ముంచెత్తాలి. దగ్గు రాలేదు.

"వెచ్చగా ఉంది" అంది. తర్వాత నా వైపు వీపు తిప్పి, "వినండి" అంది.

విన్నాను. చిరచిర లేదు. పైన, కింద, పక్కలా వెతికాను. ఎక్కడా లేదు. మైదానంలో పరుగెత్తే కుర్రాడి ఊపిరిలా శుభ్రంగా, లోతుగా ఉంది. నా చెవుల్ని నమ్మలేక స్టెతస్కోప్ సుశీలకిచ్చాను.

"ఏముందండీ? గాలి వస్తోంది, పోతోంది. అంతేగా?"

అంతే. ఆ వీపున నేను ఏళ్ల తరబడి వినని 'అంతే' అది.

ఆ తర్వాత లిండా బంతి లోపలిది బయటికి తీసి చూపించింది. తిత్తి లేదు. రబ్బరు ఎప్పుడో పొడైపోయింది, కాఫీ పొడిలా. తిత్తులనే నమ్ముకుని బతికినవాణ్ని, తిత్తే లేని ఊపిరి గురించి ఏం చెప్పను?

మరుసటి వారం మార్గరెట్ ఇంటికెళ్లి మళ్లీ విన్నాను. చిరచిర వచ్చేసింది. నా మొహం చూసి ఆవిడే నవ్వింది. "ఒక్క ఊపిరే కదా డాక్టర్, ఎన్నాళ్లు వస్తుంది?" ఆ చలికాలం మంచు కరగకముందే ఆవిడ పోయింది.

పాత సహోద్యోగి ఒకాయనకు చెబితే, మనిషి వంగితే ఛాతీలో శబ్దాలు మారతాయన్నాడు. మారతాయి, మాయం కావు. తోలు మడత విడితే చప్పుడవుతుందన్నాడు. అవుతుంది, కానీ వెచ్చగా ఉండదు.

పోయినవాళ్లను మనం తుది శ్వాస విడిచారంటాం. ఆ విడవడం దగ్గర నిలబడి చూడటమే నా ఉద్యోగం. విడిచినదాన్ని ఒకరు అందుకోవడం మాత్రం ఒక్కసారే చూశాను. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.