మెరవని ఆకుపచ్చ

1981 మార్చిలో ఒహాయోలోని ఒక పాత పింగాణీ కార్ఖానాలో గ్లేజ్ కెమిస్ట్‌గా చేరాను. గ్లేజ్ అంటే మట్టిపాత్రకు పట్టించి కాల్చే గాజుపూత. ఆ కార్ఖానాకు ఒకప్పుడు పేరు తెచ్చినవి నిగనిగలాడే రకాలు కావు. లేత సొరకాయ తొక్కలా మెరుపు లేకుండా ఉండే ఆకుపచ్చ పూలకూజాలు.

వాటి తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆ రంగును మళ్లీ రప్పించడం నాకు అప్పగించిన పని. మూడు విడతల్లో రాకపోతే పూత విభాగం ఎత్తేసి, బయటి కంపెనీల్లో పూత వేయించిన కాఫీ మగ్గులతో సరిపెట్టుకుంటామని మేనేజరు ముందే చెప్పాడు. ఎత్తేస్తే ముందు పోయేది హెలెన్ ఉద్యోగం. పాత్రలను గ్లేజ్‌లో ముంచే పనిలో ఆవిడే సీనియర్. పదిహేడో ఏట చేరి, అక్కడే జుట్టు నెరిసిన మనిషి.

పాత ఫార్ములా పుస్తకం చూసి, గ్రాము తేడా లేకుండా కలిపాను. మొదటి విడత అద్దంలా మెరిసింది. ఫార్ములాలోనే తప్పుందని తేల్చేసి, మెరుపు తగ్గించే అల్యూమినా పొడి పెంచాను. రెండోదీ మెరిసింది. నా డిగ్రీ మీద నాకే అనుమానం వచ్చింది.

హెలెన్ ఫార్ములా జోలికే పోలేదు. బట్టీ ఎప్పుడు తెరిచావని అడిగింది. శుక్రవారం సాయంత్రం మంట ఆపి, ఫ్యాన్ పెట్టి, శనివారం పొద్దున తెరిచానన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది. పాతరోజుల్లో శుక్రవారం మంట ఆపితే సోమవారం దాకా తలుపు ముట్టుకునేవారు కాదట. శని, ఆదివారాలు సెలవు, ఫ్యాన్ అన్నదే లేదు. నెమ్మదిగా చల్లారితేనే పూతలో సన్నటి స్ఫటికాలు పుట్టి మెరుపును చంపుతాయి. ఇది కాలేజీలో చదివి, పరీక్ష కూడా రాశాను. తట్టలేదంతే.

మూడో విడతకు పాత ఫార్ములానే కలిపాను. పాతదాని బదులు వచ్చిన కొత్త బట్టీ గోడలు పలచన, వేడి త్వరగా పోతుంది కాబట్టి, మంట ఒక్కసారిగా ఆపకుండా గంటగంటకూ తగ్గిస్తూ వచ్చాం. ఆదివారం ఇంట్లో నా కాలు నిలవలేదు. ఒక్కసారి చూసొస్తానంటే మా ఆవిడ కార్ కీస్ దాచేసింది.

"మీరు వెళ్తే డోర్ ఓపెన్ చేసేస్తారు, నాకు తెలుసు. మండే దాకా కూర్చోండి," అంది.

సోమవారం తలుపు తీసింది హెలెనే. ఇరవై నాలుగు కూజాల్లో ఒక్కటీ మెరవలేదు. ఆవిడ ఒకదాన్ని చెంపకు ఆనించుకుని చాలాసేపు వదల్లేదు. నాకు పట్టరాని సంతోషం వేసి, మేనేజరు చేతులు రెండూ పట్టుకుని ఊపేశాను. పూత విభాగం నిలిచింది. హెలెన్ మరో ఆరేళ్లు పనిచేసి, తనకు తానుగా రిటైరైంది.

ఆ ఫార్ములా రాసినవాళ్లు ఏదీ దాచలేదు. అందరూ రోజూ చేసే పనిని రాసిపెట్టాలని ఎవరికీ తోచదు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి ఫార్ములాలోనూ చల్లార్చే గంటలు చేర్చాను. దాన్ని బట్టీ దగ్గర పనిచేసేవాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే సంతకం పెట్టాను.