అమ్మ పేరుకు గడువేంది?

మా బావగారు పోయారని దవాఖాన నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ఫోన్‌లో ఏ మాట విన్నా, పెట్టేసి మళ్లీ మనమే చేసి అడగాలని ఆయనే నేర్పారు. ఆయన నంబరుకు నేనే చేశాను. వాళ్లమ్మాయి ఎత్తింది. "నిజమే చిన్నమ్మా" అంది.

ఆయన మా వారి అన్నగారు. ఆర్మూర్‌లో మాకు పసుపు మర ఉంది. కొమ్ములు ఆయన కొనేవారు, పొడి జల్లించి పొట్లాలు కట్టడం నా పని. మార్కెట్లో బస్తా పైనున్న కొమ్మును చూసేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి తీసేవారు. "పైనున్నది మనకు సూపెట్టెతందుకే పెట్టిండు, అమ్మా" అనేవారు. గుళ్లో ప్రసాదం కూడా వాసన చూసే తినేవారు. దేవుడికి ఆయన తరఫున నేనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

పొట్లం మీద ఉండేది మా అత్తగారి పేరు. ఆమె పోయాక బావగారి అమ్మాయి ఇంటర్నెట్‌లో అదే పేరుతో దుకాణం తెరిచింది. ఆ పేరు మనకు ఉండాలంటే ఏటా డబ్బు కట్టాలట. గడువు అయిపోతోందని మెసేజ్ బావగారి ఫోన్‌కు వచ్చింది.

"మా అమ్మ పేరుకు గడువేంది? దానికి నేను కిరాయి కట్టాల్నా? దొంగలు గిట్లనే అడుగుతరు" అని తీసేశారు. మళ్లీ వస్తే మళ్లీ తీసేశారు. ఆయన అనుమానం మమ్మల్ని ఎన్నోసార్లు కాపాడింది. ఈ ఒక్కసారి అసలు మాటను దొంగమాట అనుకుంది.

పేరు వేరేవాళ్లు కొనుక్కున్న సంగతి మాకు తెలియనే లేదు. ఆలూర్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. "ఇంటర్నెట్‌ల తెప్పించుకున్న మీ పసుపుతోటి గౌరమ్మను చేస్తే ముద్ద నిలుస్తలేదక్కా. పగిలిపోతుంది."

బావగారు వెళ్లి ఆ పొట్లం తెచ్చారు. మీద మా అత్తగారి పేరే. లోపలి పొడి నాలుక మీద వేసుకుని ఉమ్మేశారు. "బియ్యప్పిండి" అన్నారు. ఆ పూట నాకు దీపం పెట్టడానికి చెయ్యి రాలేదు.

పేరు పట్టుకున్నవాడు ఫోన్‌లో దొరికాడు. మాట తేనెలా ఉంది, ఊరు మాత్రం చెప్పడు.

"పేరు కావాల్నా వద్దా అంకుల్? ముందు పైసలు పంపండి."

"ఆర్మూర్‌కు రా బిడ్డా. తువ్వాల కింద చెయ్యి పెట్టి అడుగు. చెయ్యి ఇయ్యనోడితోటి నేను బేరం జెయ్య."

పాతకాలపు బేరం అది. తువ్వాల కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు. అబద్ధమాడే చేతికి చెమట పడుతుందనేవారు బావగారు. వాడు నవ్వి పెట్టేశాడు.

"ఇచ్చి పడేద్దాం బాపూ" అంది వాళ్లమ్మాయి.

"ఇయ్యాల మనకు అమ్మినోడు రేపు ఇంకో పేరు ఎత్తుకపోడా?"

ఇలాంటి తగాదాలు తీర్చే చోటు ఒకటుందని, పొట్లం పేరు మా పేరునే రిజిస్టరై ఉంది కాబట్టి గెలుస్తామని ఆమె కనుక్కుంది. "వాళ్లు వీనితోటి కలువలేదని నీకెవలు చెప్పిండ్రు?" అంటూనే, బావగారు ప్రతి కాగితం తెలుగులో చెప్పించుకుని సంతకం పెట్టారు.

తీర్పు మాకే వచ్చింది. అప్పటికి ఆయన దవాఖానలో ఉన్నారు.

"తీర్పు వస్తే పేరు వచ్చినట్టేనా?" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు నమ్మినవా, అమ్మా?" అన్నారు.

పెద్దకర్మ అయ్యాక వాళ్లమ్మాయి దుకాణం మళ్లీ తెరిచింది. అంతా మనదేనంది. నేను ఎవరికీ చెప్పకుండా, నా పుట్టింటి పేరుతో ఆ దుకాణంలోనే ఒక పొట్లం తెప్పించుకున్నాను.

కొరియర్ ఆయన గేటు దగ్గర తికమకపడ్డాడు. "పంపినోళ్లది, తీసుకునేటోళ్లది ఒక్కటే ఇల్లుంది. గింత దానికి ఇది నిజామాబాద్ పోయి రావాల్నా అమ్మా?"

"రావాలె నాయనా" అన్నాను.

పొట్లం మా మరలోదే, నేను కట్టిందే. మూల కొంచెం విడిపోయి పొడి రాలుతోంది. కొరియర్ ఆయన వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని, చూసుకుని, మళ్లీ తుడుచుకుని బండెక్కాడు. సందు మలుపు తిరిగేదాకా హ్యాండిల్ మీద ఆ రెండు వేళ్లు పచ్చగా కనబడుతూనే ఉన్నాయి.