మా చెల్లెలి రోడ్డు, నా స్లాబు

కేంద్ర బడ్జెట్ రోజున మా నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చుంటాడు. బడిపంతులుగా రిటైరై చాలా ఏళ్ళయింది. కంచికచర్లలో సొంత ఇల్లుంది, నెలనెలా పింఛను వస్తుంది. దేశం దేనిమీద ఎంత ఖర్చుపెట్టినా ఆయనకు ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. అయినా రోడ్లు, వంతెనలు, రైలు మార్గాలు అనే మాటలు వినబడినప్పుడల్లా కుర్చీలో ముందుకు జరుగుతాడు. ప్రసంగం అయిపోగానే ఫోను తీస్తాడు. ఆ ఏడాది ఇళ్ళకు ఎక్కువిచ్చారని తోస్తే నందిగామలో ఉన్న నాకు చేస్తాడు, రోడ్లకు ఎక్కువిచ్చారని తోస్తే మా చెల్లెలికి చేస్తాడు. మా ఆయన ఇళ్ళు కట్టే చిన్న బిల్డరు. చెల్లెలి భర్త హైవేలు వేసే పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఇద్దరు కూతుళ్ళలో ఎవరి సంసారం పైకొస్తోందో మా నాన్న ఢిల్లీ లెక్కను బట్టి తేలుస్తాడు.

నాకు ఆ ఫోను రావడం మానేసి చాలా ఏళ్ళయింది.

నా పెళ్ళయిన కొత్తలో అలా ఉండేది కాదు. అప్పుడు ఎవరి నోట విన్నా ఇళ్ళ పథకాలు, ఇంటి లోన్ల మాటే. నందిగామ చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. మా ఆయన ఒక ఇంటికి పునాది తీస్తూ, ఇంకో ఇంటికి స్లాబు వేస్తూ, మూడో ఇంటివాళ్ళకు రేపు రేపంటూ తప్పించుకు తిరిగేవాడు. తర్వాత గాలి మారింది. ఏ ఏటి బడ్జెట్ చూసినా రోడ్లకు నిరుటి కంటే ఎక్కువ. నాన్న దాన్ని 'మూలధన వ్యయం' అంటాడు. ఆ మాట ఆయన నోట చిన్నల్లుడి పేరంత ముద్దుగా వస్తుంది. 'ఇల్లు కడితే ఆ ఇంట్లోవాళ్ళే పడుకుంటారమ్మా, రోడ్డు వేస్తే దేశమే నడుస్తుంది' అని ఒకసారి నాతోనే అన్నాడు. నడిచి నడిచి దేశం ఎక్కడ పడుకుంటుందో అడుగుదామనుకున్నాను గానీ అమ్మ గుడ్లురిమింది.

నాకు కుళ్ళు. దాచుకోవడం నాకు రాదు, దాచినా ముక్కు మీద కనిపిస్తుందని మా అమ్మే అంటుంది. కుళ్ళుకోకుండా ఎలా ఉండమంటారు? క్రిస్మస్‌కి అందరం కంచికచర్లలో చేరితే కోడికూరలో కాళ్ళు రెండూ చిన్నల్లుడి పళ్ళెంలోకి పోతాయి. 'పాపం, రోజంతా ఎండలో నిలబడి చేసే ఉద్యోగం' అంటుంది అమ్మ. మా ఆయనేదో వెన్నెట్లో ఇళ్ళు కడుతున్నట్టు! ఆయనేమో మెడ ముక్క చీకుతూ 'కూర బ్రహ్మాండంగా ఉందత్తయ్యా' అంటాడు. ఆయనకు ఈర్ష్య పడటం చేతకాదు. ఇంట్లో వంటా, వార్పూ, లెక్కలతో పాటు ఆ పని కూడా నా నెత్తినే పడింది.

చెల్లెలు ఒడిశాలోనో రాజస్థాన్‌లోనో ఉన్నన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాను. వాట్సాప్‌లో కొత్త వంతెన ముందు నిలబడి ఫొటో పెడితే, చూసి కూడా చూడనట్టు ఊరుకునేదాన్ని. అలాంటిది, మా హైవే మీదే అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్ల పని మొదలై, అందులో మా మరిదికి పోస్టింగు పడింది. జగ్గయ్యపేటలో కంపెనీవాళ్ళే అద్దె ఇల్లు ఇచ్చారు. ఇంటి ముందు జీపు. నందిగామ నుంచి అటు బస్సెక్కితే చాలు, దారిపొడుగునా వాళ్ళ కంపెనీ బోర్డులు, వాళ్ళ కంపెనీ టోపీలు. పక్కదారి పట్టించిన బస్సు గతుకుల్లో పడి, ఎవరైనా ఆ దుమ్మునూ ఆ పనినీ తిట్టడం మొదలుపెడితే, నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి మరీ వత్తాసు పలికేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇల్లు లేచింది. ఊరందరికీ ఇళ్ళు కట్టిన మనిషి పెళ్ళాన్నయిన నేను అద్దె వాటాలో ఉండి, ఇంటి ఓనరమ్మ మోటారు వేసినప్పుడే నీళ్ళు పట్టుకునేదాన్ని. ఎన్నో ఏళ్ళు పోరితే, హైవేకి కాస్త లోపలగా కొన్న స్థలంలో ఆయన పని మొదలుపెట్టాడు. గోడలు లేచాయి. కర్రల బాదులు నిలబెట్టి, వాటి మీద స్లాబు పోయడానికి సెంట్రింగ్ కొట్టారు. దాని మీద ఇనుప కడ్డీలు అల్లి కట్టారు. ఇక కాంక్రీటు పోస్తే ఇంటికి కప్పు పడినట్టే. అక్కడే ఆగిపోయింది.

పోసేవాళ్ళు లేరు. స్లాబు వెయ్యాలంటే ఒకరిద్దరితో అయ్యే పని కాదు. కంకర ఎత్తేవాళ్ళు, కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర నిలబడేవాళ్ళు, తట్టలు అందించేవాళ్ళు, పైన సర్దేవాళ్ళు, ఒక ముఠా ముఠా కదలాలి. మాకు ఎప్పుడూ వేసే మేస్త్రి వేదాద్రి వైపువాడు. తన ముఠా మొత్తాన్ని తీసుకుని హైవే పనిలోకి వెళ్ళిపోయాడు. మిగిలిన ముఠాలను అడిగితే కొందరు రాజధాని పనుల్లో ఉన్నారు, కొందరు ఇంకేదో రైల్వే పనిలో ఉన్నారు. దేశం ఖర్చు పెరిగిందని టీవీలో విన్నప్పుడు అది నా స్లాబు మీద పడుతుందని నేననుకోలేదు. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి తవ్వి చేసిన సిమెంటు లారీలకెక్కి, మా సెంట్రింగ్ మీద నుంచుంటే కనబడేంత దూరంలో, ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతుంటే చూస్తూ నిలబడేదాన్ని.

తొలకరి దగ్గరపడింది. కడ్డీలకు తుప్పు రంగు వచ్చింది. వాన పడితే కింద నిలబెట్టిన బాదులు నేలలో దిగబడతాయని, సెంట్రింగ్ అంతా విప్పి మళ్ళీ కట్టాలని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆయన ఏదైనా నెమ్మదిగా చెప్పాడంటే దిగులుగా ఉన్నట్టు.

నాన్నకు మాత్రం దారి తెలుసు. 'చెల్లెలితో ఒక్క మాట చెప్పమ్మా. అల్లుడు తలుచుకుంటే మనుషులకేం కరువు?' అన్నాడు.

'నా ఇంటి మీద వానైనా పడనీ గానీ, దాన్ని మాత్రం అడగను' అన్నాను.

నిజంగానే అనుకున్నాను ఆ మాట. ఎన్నో ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న ధైర్యం ఒక్కటే, దానికి జీపుంటే నాకు ఇల్లుంటుందని. ఆ ఇంటి కప్పు కూడా దాని మొగుడి దయవల్ల పడితే ఇక నాకంటూ మిగిలేదేముంది?

అందుకని ఆయనకు కూడా చెప్పకుండా బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి, హైవే పక్క పని జరుగుతున్న చోట దిగి, మేస్త్రిని వెతికి పట్టుకున్నాను. లుంగీ ఎగ్గట్టి మా సైట్లలో తిరిగిన మనిషి పచ్చటి జాకెట్టూ హెల్మెట్టూ పెట్టుకుని ఉన్నాడు. ముందు గుర్తుపట్టలేదు.

'అక్కా, మీరేంటి ఇక్కడ?' అన్నాడు.

'నీ కోసమే వచ్చా. కడ్డీ కట్టి ఇన్నాళ్ళయింది, నీకు తెలియంది ఏముంది? ఒక్క రోజు మనుషుల్ని తీసుకుని రా.'

'రాకూడదని కాదక్కా. ఇక్కడ వారం తిరిగేసరికి డబ్బులు పడిపోతన్నాయి. వానలొచ్చేలోపు ఇది అయిపోవాలని ఆదివారం కూడా డ్యూటీ వేస్తన్నారు.'

'ఒక్క ఆదివారం సెలవడుగు.'

'సారు ఒప్పుకోవాలిగా.'

'ఏ సారు?'

మేస్త్రి నన్ను వింతగా చూశాడు. 'మీ మరిదిగారే కదక్కా. మీరు ఫోన్లో ఒక్క మాటంటే చాలు, మీరు ఇంత ఎండలో రావడం ఎందుకు?'

'అయితే వద్దులే, నీ పని చూసుకో' అని తిరుగుముఖం పట్టాను. అప్పుడే జీపు వస్తూ కనిపించింది. చెరుకు రసం బండి వెనక్కి వెళ్ళి, తలమీద కొంగు కప్పుకుని, అక్కర్లేని రసం ఒక గ్లాసు తాగాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

ఇల్లు చేరి కాళ్ళు కడుక్కునేలోపే చెల్లెలు ఫోను.

'అక్కా, జగ్గయ్యపేట దాకా వచ్చి మా ఇంటికి రాకుండా పోయావంట?'

'ఎవరన్నారు?'

'మా ఆయనే. చెరుకు రసం బండి వెనక నుంచున్నావంట. పలకరిద్దామంటే మొహం తిప్పుకున్నావంట.'

'అది నేను కాదు.'

'చీర రంగు కూడా చెప్పాడక్కా. కిందటి క్రిస్మస్‌కి నేను పెట్టిన చీరేగా!' అని పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వాపి, 'మేస్త్రి చెప్పాడంట నువ్వెందుకొచ్చావో. నన్నడగొచ్చుగా?' అంది.

'నీ రోడ్డు ఒక్కరోజు ఆగితే దేశం ఆగిపోద్దని నాన్న బెంగపెట్టుకుంటాడు.'

'దేశం ఒక్కరోజు ఆగుద్దిలే అక్కా. వచ్చే ఆదివారం మనుషులొస్తారు. ఏమంటావ్?'

వద్దనాలి. నోటిదాకా వచ్చింది కూడా. వసారాలో కూర్చున్న ఆయన మెడ ఎత్తి మబ్బుల వైపు చూస్తున్నాడు. 'నీ ఇష్టం' అన్నాను. ఆ మాట అనడానికి నేను పడ్డ కష్టం నా కాన్పులప్పుడు కూడా పడలేదు.

ఆదివారం పొద్దున్నే ట్రక్కు ఆటోల్లో ముఠా దిగింది. వెనకే జీపులో చెల్లెలు, మరిది, కంచికచర్ల దాకా వెళ్ళి ఎక్కించుకొచ్చిన అమ్మా నాన్నా. పాస్టరుగారు చర్చిలో ఆరాధన మొదలయ్యేలోపు వచ్చి ప్రార్థన చేశారు. మేస్త్రి అంతసేపూ చేతిలో కొబ్బరికాయ పట్టుకుని బుద్ధిగా కళ్ళు మూసుకుని, 'ఆమెన్' అనగానే మిల్లరు చక్రానికి దాన్ని కొట్టాడు. పాస్టరుగారు అటు చూడనట్టు వాచీ చూసుకున్నారు.

మా వైపు మొదటి తట్ట ఇంటివాళ్ళ చేత పోయిస్తారు. మేస్త్రి తట్ట నింపి నిలబడ్డాడు. అప్పుడు మా అమ్మ అంది: 'చిన్నల్లుడి చేత పోయించరాదూ? ఎన్ని రోడ్లు వేసిన చెయ్యో, కలిసొస్తది.'

నా ఒళ్ళు మండిపోయింది. నా ఇల్లు, నా తట్ట! మా ఆయన మాత్రం 'రా తమ్ముడూ, నువ్వే కానివ్వు' అన్నాడు. ఆయన్ని ఆ మిల్లర్లో వేసి తిప్పాలనిపించింది. మరిది 'అయ్యో, అదేం మాట' అంటూ వెనక్కి తగ్గాడు. అంతలో చెల్లెలు 'నువ్వూరుకోవే అమ్మా, ఇల్లు అక్కది' అని తట్ట అందుకుని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పోశాను. పోస్తూ కూడా ఏడుపే. నా ఇంట్లో నా తట్ట నాకు దక్కడం కూడా దాని చేతి మీదుగానే జరగాలా?

పొద్దు వాలేసరికి స్లాబు పూర్తయింది. అందరూ వెళ్ళిపోయారు. స్లాబు గట్టిపడటానికి నీళ్ళు పెట్టేటప్పుడు సాయం ఉంటానని చెల్లెలు ఒక్కతే ఆగిపోయింది.

మర్నాడు ఉదయం ఇద్దరం నిచ్చెనెక్కాం. ఆయన అప్పటికే స్లాబు మీద సన్నటి గట్లు వేసి మడులు కట్టాడు. చెల్లెలు పైపు పట్టుకుంది. నేను ఆ మడుల మధ్య నడుస్తూ, ఇదిగో దీని కిందే హాలు, ఇదిగో ఇక్కడ వంటగది, ఈ మూల మా గది అని ఒక్కొక్కటే చూపించాను. చూపిస్తూ దాని మొహం వంకే చూస్తున్నాను. దాని కళ్ళల్లో ఎక్కడో ఒకచోట చిన్న మంట కనబడుతుందని నా ఆశ. నాకు కావలసిందల్లా అదే. జీపు, పోస్టింగు, కోడికాళ్ళు, నాన్న ఫోన్లు, అన్నీ ఆ ఒక్క చూపుకి చెల్లయిపోయేవి.

'ఎంత బాగుందో అక్కా' అంది. అంతే.

'ఇక్కడ మీ పని అయిపోతే?'

'మళ్ళీ ఇంకో రాష్ట్రం అంటున్నారు.'

'ఎన్నాళ్ళిలా సామాన్లు మోస్తూ తిరుగుతావే? నీకంటూ ఒక ఇల్లుండొద్దూ?'

'నాకిదే బాగుంటది అక్కా. కొత్త ఊరు, కొత్త మార్కెట్టు. భాష రాకపోతే వేళ్ళు చూపించి బేరాలాడతా. ఒకే గోడలు చూస్తూ ఉండాలంటే నాకు ఊపిరాడదు.'

నేనిక ఉండబట్టలేకపోయాను. 'ఈ ఇల్లు చూస్తే నీకు కుళ్ళుగా లేదా?' అని అడిగేశాను.

'కుళ్ళెందుకు?' అంది. దాని మొహంలో ఆశ్చర్యం తప్ప ఏమీ లేదు. 'నిన్న నువ్వు తట్ట పోస్తుంటే నాకు ఏడుపొచ్చింది, తెలుసా? సంతోషానికి.'

అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను చంపింది. ఇన్నేళ్ళూ నేను దాన్ని చూసి ఏడుస్తుంటే, అదీ ఏదో ఒక మూల నన్ను చూసి ఏడుస్తూనే ఉంటుందని నమ్ముకుని బతికాను. నేనొక్కదాన్నేనని ఆ స్లాబు మీద తెలిసింది.

'ఎప్పుడూ లేదా? ఒక్కసారి కూడా?' అన్నాను.

చెల్లెలు నా మొహం చూసింది. పైపు మడిలో వదిలేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నిజంగానే చాలాసేపు ఆలోచించింది.

'ఎందుకు లేదూ? బడికెళ్ళే రోజుల్లో నీ జడ చూసి తెగ కుళ్ళుకునేదాన్ని. నాకంటే ఎంత పొడుగుండేదో!' అంది. అనేసి, నావైపు చూడకుండా వంగి పైపు అందుకుంది.

బడికెళ్ళే రోజుల్లో పొడుగు జడ దానిదే.