ట్రంకుపెట్టె అడుగున పరిచిన కరపత్రం

మొన్న ఆదివారం ఇక్కడ ఢిల్లీలోనే, మునిర్కాలో మా మనవరాలి అద్దె గదిలో, ఎప్పుడో నేనే ఇచ్చిన ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం చూసి వచ్చిన పనే మరిచిపోయాను. ఆ మూడంతస్తులూ రొప్పుకుంటూ ఎక్కింది ఆ పిల్లకు నాలుగు చీవాట్లు పెట్టడానికి.

వసంత్ కుంజ్‌లో అమ్మానాన్నల ఇల్లు పెట్టుకుని ఈ ఇరుకు గల్లీలో విడిగా గదెందుకో నాకిప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి. చదువైపోయింది, గుడ్‌గావ్‌లో మంచి ఉద్యోగం వచ్చింది, సోమవారంలోగా చేరతానని రాసివ్వాలి. ఈ మహాతల్లికి అది వద్దట, వినుకొండ అవతల ఓ పల్లెలో ఆడవాళ్ళంతా కలిసి నడుపుతున్న కందిపప్పు మిల్లు చూసుకుంటూ అక్కడే ఉండిపోతుందట. చదువులో భాగంగా రెండు నెలలు వాళ్ళ దగ్గర ఉండి వచ్చింది లెండి, అప్పుడే అంటుకుంది ఈ పిచ్చి. మా అమ్మాయి రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చి, చివరికి నీ మాటైతే వింటుందమ్మా అంటూ నన్ను ఆటో ఎక్కించింది.

సరోజినీ నగర్ క్వార్టర్లలో కాపురాలు చేసిన మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో తెలుగు అనువాదకురాలిని. హిందీలోనో ఇంగ్లీషులోనో వచ్చిన కరపత్రాలను తెలుగు చేయడం నా పని, అందులో సగం యువతకు హితబోధలే, పల్లెలు వదలకండి, మీ భవిష్యత్తు అక్కడే కట్టుకోండి అని. అచ్చయ్యాక మిగిలిన కట్టలు పారేయడానికి మనసొప్పక ఇళ్ళకు తెచ్చుకునేవాళ్ళం. మందపాటి కాగితం, ఒకవైపే అచ్చు, వంటింటి అరల్లో పరవడానికీ పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికీ దాన్ని మించింది లేదు. మా వరసలోని తెలుగిళ్ళన్నిటా పప్పు డబ్బాల కింద నా తెలుగే ఉండేది, పక్కింటి పిన్నిగారైతే సరిగ్గా నా వాక్యాల మీదే ఆవకాయ జాడీ పెట్టేవారు, ఇద్దరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి మాత్రం మూలంలో లేని వాక్యం ఒకటి నా అంతట నేను చేర్చాను, ఊరు నోరు తెరిచి పిలవదు, మనమే వెళ్ళాలి అని. పై అధికారికి తెలుగు రాదు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు, నేను మాత్రం దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను. అది అచ్చయి వచ్చిన నెలలోనే, పల్నాడులో ఓ పల్లెలో కొత్తగా తెరిచిన యువజన శిక్షణ కేంద్రానికి నన్ను బదిలీ చేస్తూ కాగితం వచ్చింది. అక్కడికి మా పుట్టిల్లు పట్టుమని పది మైళ్ళు లేదు, అయినా వద్దే అనుకున్నాను. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. పిల్ల చదువు పాడవుతుందని అర్జీ రాసి, మావారు తెలిసినవాళ్ళ గుమ్మాలన్నీ తిరిగి, మొత్తానికి రద్దు చేయించాం. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం కూడా.

మనవరాలు గది తీసుకున్నప్పుడు చలికాలం కప్పుకునే రజాయి పెట్టుకోమని ఇచ్చిన పెట్టెలో ఇంకా ఆ కరపత్రమే ఉందని నాకేం తెలుసు? తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలో ఇచ్చే పిల్ల, నన్ను అమ్మమ్మా అని కూడా అనదు, నానీ అంటుంది. ఆ పల్లెకు వెళ్ళేముందు అక్షరాలు నేర్చుకుందట, కూడబలుక్కుని చదవడానికి గదిలో దొరికిన తెలుగు కాగితం అదొక్కటేనట. నేను చీవాట్లు మొదలుపెట్టేలోపే పెట్టె మూత ఎత్తి, పెన్సిల్‌తో గీత గీసుకున్న ఆ వాక్యం కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివి వినిపించింది. “నానీ, యే ఆప్‌కే ఆఫీస్ కా హై నా?” అంది, ఇది మీ ఆఫీసుదే కదా, ఎవరు రాశారు అని.

నేనే అన్నాను. దాని ముఖం ఎంత వెలిగిపోయిందంటే నేను చూడలేకపోయాను. “అచ్ఛా, తో ఆప్ గయీ థీ?” అంది, అయితే మీరు వెళ్ళారా అని. అవునంటే సరిపోయేది, నమ్మేది కూడా. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పంపిస్తే రద్దు చేయించుకున్నానమ్మా, మీ అమ్మ చదువని రాశాను గానీ నిజానికి ఢిల్లీ వదిలి పోవడం నాకే నామోషీ అనిపించింది, అని చెప్పేశాను. కోప్పడుతుందేమో, నవ్వుతుందేమో అనుకున్నాను. “ఫిర్ కౌన్ గయా, నానీ?” అంది, మరి ఎవరు వెళ్ళారని.

నా బదులు ఎవరు వెళ్ళారో, అసలెవరైనా వెళ్ళారో, ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయిందో, పాయసం తిన్ననాటి నుంచి మొన్న ఆదివారం దాకా ఒక్కసారైనా అడగాలని కూడా నాకు తోచలేదు. ఇన్నేళ్ళు.

చీవాట్లు పెట్టకుండానే మెట్లు దిగాను. దాన్ని వద్దనే నోరు నాకు లేదని మా అమ్మాయితో చెబితే, నాలుగు రోజులుగా నాతో ముభావంగా ఉంటోంది. పిల్ల గుడ్‌గావ్‌కు రానని సోమవారం పొద్దున్నే రాసేసింది, వచ్చే నెలలో ప్రయాణం. పెట్టె కూడా తీసుకెళ్తుందట, అడుగున కొత్త కాగితం వేసిస్తానంటే రెహనే దో నానీ, అదే ఉండనీ అంది.

ఇప్పుడు అరల్లో పూలపూల ప్లాస్టిక్ షీట్లు పరుస్తున్నారు, హితబోధలన్నీ ఫోన్లలోకి వచ్చేసి వేలితో తోసేస్తే పోతున్నాయి. మన రోజుల్లో ఆ మాటలు రాసినవాళ్ళం, అచ్చు వేయించినవాళ్ళం, కట్టలు కట్టి ఊళ్ళకు పంపినవాళ్ళం ఎంతమందిమో. తెలుగు సరిగా రాని ఈ పిల్ల ఒక్కతే ఆ కాగితాన్ని తనకు రాసిన ఉత్తరమనుకుంది.