బయమ్మ హ్యాండిలు

బెళుగుప్ప మండలంలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి పడమటి పొలాల్లో ఏడు కుటుంబాలకు కలిపి ఒక డీజిల్ ఇంజను ఉంది. ఐదు హార్స్ పవర్. ఆకుపచ్చ రంగు. రెండు చక్రాల బండి మీద కూర్చుని ఉంటుంది. దాన్ని తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిలు మాత్రం బండి మీద ఉండదు. అది ఎవరి ఇంట్లో ఉంటే ఇంజను బాధ్యత వాళ్లది. డీజిల్ పోయడం, ఆయిల్ చూడడం, వంతు ప్రకారం ఒక్కో చేనికి నీళ్లు పారించడం, అంతా వాళ్ల పనే.

ఆ హ్యాండిలు తన ఇంటికి రావాలని బయమ్మ ఒక ఆగస్టు నెలంతా ఆశపడింది.

ఆమెకు యాభై మూడేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడిస్తే ఎదురుగాలిలో నడిచినట్టు కాస్త ముందుకు వంగి నడుస్తుంది. కొందరికి పూల మీద ఇష్టం ఉంటుంది, కొందరికి మేకల మీద ఉంటుంది. ఆమెకు ఇంజన్ల మీద ఉంది. అది చౌడప్ప చెయ్యి విరగడంతో మొదలైంది.

చౌడప్ప ఆమె భర్త. పెళ్లయిన మరుసటి ఏడాది. అప్పుడు వాళ్లకు బావి ఉండేది, బావి గట్టున నల్లటి పాత ఇంజను ఉండేది. ఒకరోజు ఆయన హ్యాండిలు తిప్పుతుంటే చక్రం వెనక్కి తన్నింది. హ్యాండిలు వచ్చి మణికట్టు మీద కొట్టింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చాడు. నలభై ఐదు రోజులు చెయ్యి కదపొద్దన్నారు. చేలో మిరప నారు ఉంది. బావిలో నీళ్లున్నాయి. ఇంట్లో మిగిలిన చేతులు నాలుగు. అత్త ఓబమ్మవి రెండు, కోడలివి రెండు.

ఓబమ్మ హ్యాండిలు తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నాకు రాదత్తా."

"వానికి మాత్రం వచ్చునా? చెయ్యి చూసినావు కదా."

మూడు రోజులు ఇంజను ఆమెను లెక్కచేయలేదు. నాలుగో రోజు సంగతి తెలిసింది. కావలసింది బలం కాదు, వరస. పైన ఉన్న చిన్న మీట ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. తిప్పుతూ తిప్పుతూ ఊపు తేవాలి. ఊపు నిండిన క్షణంలో మీట వదిలెయ్యాలి. ఒక్క క్షణం ముందు వదిలినా పనికిరాదు, తర్వాత వదిలినా పనికిరాదు. ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. పట్టుకుంది. పొగగొట్టం నుంచి నల్లటి ఉంగరం ఒకటి లేచి, మెల్లగా పెద్దదవుతూ, ఆకాశంలో కలిసింది.

కొత్త కోడలు ఆ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ఎవరో ఒకరు వంక పెట్టేవాళ్లు. ఇంజను పెట్టలేదు. దానికి కావలసింది ఇస్తే నడిచింది. ఇవ్వకపోతే నిలిచింది. మనసులో ఒకటి పెట్టుకుని బయటికి ఇంకొకటి చెప్పడం దానికి తెలియదు. ఆ పూట మిరప నారుకు నీళ్లు పారుతుంటే బయమ్మ గట్టు మీద కూర్చుని, చేయవలసిన పని ఏమీ లేక, ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది.

చౌడప్ప చెయ్యి బాగయింది. హ్యాండిలు మాత్రం ఆయన దగ్గరికి తిరిగి రాలేదు.

"ఏమ్మే, ఇంగ నేను తిప్పుతాలే."

"నీ చెయ్యి ఇంగా అతుక్కోవల్ల."

"కట్టు కట్టినాయన అతుక్కున్యాది అన్న్యాడు."

"ఆయప్పకేం తెల్సు? ఇంజను తన్నింది ఆయప్పనా, నిన్నా?"

ఆయన రెండోసారి అడగలేదు. నీడన కూర్చుని బీడీ కాల్చుకోవడానికి ఒక కారణం దొరికిందని లోపల సంతోషించాడు కూడా.

ఆ రోజుల్లో ప్రతి బావికీ ఒక ఇంజను. తెల్లవారగానే ఒకటి తర్వాత ఒకటి లేచేవి. ఏ రెండింటి గొంతూ ఒకటి కాదు. బయమ్మ పొయ్యి దగ్గర కూర్చుని సంకటి కెలుకుతూ, ఎవరి ఇంజను బాగుందో, ఎవరిది కుంటుతోందో చెప్పేది. "జయరాముడన్న ఇంజన్లో ఆయిల్ మార్చలేదు, చెప్పిరాపో," అని భర్తను పంపేది. చౌడప్ప వెళ్లి చెప్పేవాడు. జయరాముడు నమ్మేవాడు కాదు. పదిరోజుల తర్వాత నమ్మేవాడు.

తర్వాత బావులు ఎండాయి. బోర్లు వేశారు. కరెంటు మోటార్లు వచ్చాయి. గోడకు ఒక బటన్. నొక్కితే నీళ్లు. పాత ఇంజను ఇనుప సామాన్లు కొనేవాడి బండి ఎక్కింది. బండి మలుపు తిరిగేదాకా బయమ్మ వాకిట్లో నిలబడి, తర్వాత లోపలికి పోయి ఎసరు పెట్టింది.

"కరెంటు మోటారు మంచిదే. దాంతో మాట్లాడేకి ఏముండాది?" అని మాత్రం అనేది.

కొన్నేళ్లకు బోర్లూ ఎండాయి. బటన్ నొక్కితే ఏమీ రాలేదు. ఆ సంవత్సరాల్లో ఆమె రోడ్డు మీద పోయే వాటితో సరిపెట్టుకుంది. ఇంట్లో ఉండి ఉరవకొండ బస్సును, ఇటుకల ట్రాక్టరును, టమాటాల టెంపోను గొంతు బట్టి పోల్చేది. టెంపో డ్రైవరు రెండో గేరులో ఎక్కువ దూరం పోతున్నాడని ఆమెకు కోపం. ధర్మవరంలో చీరల అంగడిలో పనిచేసే కూతురు అరుణజ్యోతి ఒకసారి వచ్చినప్పుడు అమ్మ ఫోనులో రింగుటోనుగా ఇంజను చప్పుడు పెట్టిపోయింది. ఆంజనేయస్వామి గుడిలో హారతి ఇస్తుండగా అది మోగింది. పూజారితో సహా అందరూ బయటికి చూశారు.

మూడేళ్ల కిందట పడమటి పొలాల్లో నీటి కుంట తవ్వారు. గట్టి వాన ఒక్కటి పడితే నిండుతుంది. వేరుశనగ చేను వానలేక వాడిపోయే రోజుల్లో ఒక్క తడి ఇవ్వడానికి పనికొస్తుంది. ఈ ఏడాది ఏడు కుటుంబాలూ కలిసి ఆ కుంటకు ఇంజను తెచ్చుకున్నాయి. జూలై వానకు కుంట నిండింది. తర్వాత ఇరవై రెండు రోజులు చుక్క లేదు. చేలో పూత పోయి, కాయ కాసే ఊడలు నేలలోకి దిగే సమయం. నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు. ఊడ పోకపోతే కాయ లేదు.

హ్యాండిలు ఎవరిదో తేల్చడానికి అందరూ జయరాముడి కళ్లంలో కూర్చున్నారు. ఇప్పుడు ఆయన డెబ్బై ఏళ్ల మనిషి. నలుగురికీ పెద్ద.

"హ్యాండిలు మా ఇంట్లో పెట్టుకుంటా," అంది బయమ్మ.

"అక్కా, ఇది నీ బావికాడి ఇంజను కాదు. కొత్త మాడలు," అన్నాడు లక్ష్మీపతి. వంతుల కోసం వేసిన చీటీల్లో మొదటి తడి అతని చేనికి వచ్చింది. అందుకని అతనికే ఆత్రం ఎక్కువ.

"తాగేది డీజిలే కదప్పా? పెట్రోలు తాగుతాదా?"

తిప్పేస్వామి నవ్వాడు. ఇరవై ఆరేళ్లవాడు. అనంతపురంలో ఐటీఐ డీజిల్ మెకానిక్ చదివాడు. హ్యాండిలు అతనికే ఇవ్వాలని నలుగురి మాట.

"పెద్దమ్మా, నా కాడ సర్టిఫికెట్టు ఉండాది. నీ కాడ ఏముండాది?"

"నీ పెదనాయన చెయ్యి ఉండాది. పోయి చూడు."

చౌడప్ప అందరికీ కనిపించేలా మణికట్టు ఎత్తి చూపించాడు. నవ్వులు అయ్యాక జయరాముడు అన్నాడు:

"రేపు పొద్దున బయమ్మ నడిపిస్తాది. ఆగకుండా నడిస్తే హ్యాండిలు ఆమెదే. ఆగితే, మళ్లా ఎవరు నడిపిస్తే వాళ్లది. సరేనా?"

అందరూ సరే అన్నారు.

ఆ సాయంత్రం పొద్దుండగానే బయమ్మ కుంట దగ్గరికి పోయింది. కొత్త బండి ఇంటికి వస్తే పసుపు, కుంకుమ పెట్టకుండా ఎవరూ తాళం తిప్పరు. ఇంజనుకు అంతకన్నా తక్కువ చేస్తే ఎలా? తడిగుడ్డతో తుడిచింది. పసుపు చిక్కగా కలిపి తెచ్చింది. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు పెట్టింది. చక్రానికి, ట్యాంకుకు, పొగగొట్టం మొదటికి. గుండ్రంగా కనిపించిన దేన్నీ వదల్లేదు. పక్కన రేకు డబ్బా ఒకటి ఉంది, దాని మూత చుట్టూ సన్నటి బెజ్జాలు. దానికి రెండు పూతలు పూసి, మధ్యలో పెద్ద బొట్టు పెట్టి, చామంతి మూర చుట్టింది. దూరంగా నిలబడి చూసుకుంది. బాగుంది. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. పసుపు చూస్తుండగానే ఆరింది.

మర్నాడు ఆరు గంటలకు అందరూ గట్టు మీద ఉన్నారు. బయమ్మ కొంగు దోపుకుని మీట ఎత్తి, హ్యాండిలు తిప్పి, వదిలింది. మొదటిసారికే ఇంజను పట్టుకుంది.

"పెద్దమ్మా!" అన్నాడు తిప్పేస్వామి. మెచ్చుకోలే.

పైపులకు నీళ్లు వదిలారు. లక్ష్మీపతి చేలో ఎనిమిది స్ప్రింక్లర్లు మోకాలెత్తు లేచి, రెండు చుట్లు తిరిగి, తలలు వాల్చాయి. ఇంజను గొంతు బరువెక్కింది. పొగ నల్లగా, ముద్దలు ముద్దలుగా వచ్చింది. బయమ్మ ఇంకాస్త డీజిల్ ఇచ్చింది. పొగ పెరిగింది గానీ వేగం పెరగలేదు. ఒక నిమిషానికి ఇంజను ఆగిపోయింది.

మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే.

తిప్పేస్వామి వంగి చూశాడు. "నాజిలు పెద్దమ్మా. డీజిలు ఎక్కువ పోస్తాండాది. విప్పి ఉరవకొండకు ఎత్తుకపోవల్ల."

"ఎప్పటికి వస్తావు?" అన్నాడు లక్ష్మీపతి.

"మధ్యాహ్నానికి. మెకానిక్కు ఉంటే."

"లేకుంటే?"

"రేపు."

"నా వంతు గంగలో కలిసినట్టే," అని లక్ష్మీపతి గట్టు మీద కూలబడ్డాడు.

తిప్పేస్వామి మోటార్ సైకిల్ దగ్గరికి స్పానర్ల కోసం పోయాడు. నాజిలు విప్పితే ఇంజను అతని చేతిలోకి పోతుంది. బాగయి నడిచిందంటే హ్యాండిలు కూడా. బయమ్మకు అది తెలుసు. ఇంకొక్కసారి తిప్పింది. పైపులకు నీళ్లు వదిలి, కళ్లు మూసుకుని విన్నది.

ఈ చప్పుడు ఎక్కడో విన్నదే. పాత ఇంజనుది కాదు. ట్రాక్టరుదీ కాదు. చలికాలంలో చౌడప్ప ముఖం మీదికి దుప్పటి లాక్కుని పడుకున్నప్పటి గురక. అచ్చం అదే. దుప్పటి లాగేస్తే గొంతు విచ్చుకుంటుంది.

ఆమె కళ్లు తెరిచింది. ఇంజను గాలి ఎక్కడి నుంచి పీలుస్తుంది? పూలదండ పక్కకు జరిపి, బెజ్జాల డబ్బా మీద అరచెయ్యి పెట్టింది. నడిచే ఇంజను అరచేతిని లోపలికి లాగాలి. ఇది లాగలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచెయ్యి పసుపుగా ఉంది.

ఇంజను ఆగిపోయింది.

చుట్టూ చూసింది. లక్ష్మీపతి తల పట్టుకుని ఉన్నాడు. జయరాముడు ఆకాశం చూస్తున్నాడు. తిప్పేస్వామి వీపు ఇటు ఉంది. తడి కొంగుతో తుడిచేస్తే నిమిషం పని. తర్వాత తిప్పితే నడుస్తుంది. అందరూ దేవతను చూసినట్టు చూస్తారు.

కొంగు చేతిలోకి వచ్చింది. అంతలో తిప్పేస్వామి స్పానర్లతో తిరిగాడు. ఇంజను మీదికి వంగి, నాజిలు మీద ఎంతో నమ్మకంగా చెయ్యి వేశాడు.

"తిప్పేస్వామీ, అది విప్పొద్దు."

"ఏం పెద్దమ్మా?"

"నాజిలుకేం కాలేదు. నేనే దాని ముక్కు మూసినా."

డబ్బా చూపించింది. బెజ్జాల్లో ఒకటీ అరా తప్ప ఏదీ తెరుచుకుని లేదు. ఎండకు పసుపు గార పూసినట్టు బిగుసుకుపోయింది. తిప్పేస్వామి ముందు డబ్బాను, తర్వాత ఆమెను చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే మూత విప్పాడు. లోపలి ఫిల్టరు శుభ్రంగా ఉంది. బయమ్మ గాజుకు తగిలించిన పిన్నీసు తీసి, మూత ఒళ్లో పెట్టుకుని, ఒక్కో బెజ్జం పొడిచింది. చౌడప్ప గట్టు మీద నుంచి అందుకున్నాడు.

"నాకు కూడా పెండ్లప్పుడు ఇట్లనే పూసినారప్పా. అప్పటి నుంచీ నేనూ సరిగా నడుస్తాండ్లేదు."

మూత బిగించారు. బయమ్మ మీట ఎత్తింది, తిప్పింది, వదిలింది. ఈసారి గొంతు విచ్చుకుంది. పొగ పలచబడి కనిపించకుండా పోయింది. స్ప్రింక్లర్లు ఒకటి తర్వాత ఒకటి తలలెత్తి, మనిషెత్తు లేచి తిరిగాయి. ఎర్రమట్టి నల్లబడుతూ వచ్చింది.

నీళ్లు చూశాక లక్ష్మీపతికి మాట వచ్చింది.

"హ్యాండిలు ఎవరిది మరి? ఆపిందీ ఈయమ్మే, నడిపిందీ ఈయమ్మే. ఇదేం న్యాయమప్పా? రేపటి నుంచి తానే ఆపుతాది, తానే నడిపిస్తాది."

"నేను ఆపితే నా చేను ఏమవుతాదిరా? నా వంతు అందరికన్నా కడాకు ఉండాది," అంది బయమ్మ.

జయరాముడు తిప్పేస్వామి వైపు చూశాడు. హ్యాండిలుకు ఆమెతో పోటీ నిలిచింది అతనొక్కడే.

తిప్పేస్వామి స్పానర్లు సంచిలో వేసుకున్నాడు. "నేనైతే ఈపాటికి నాజిలు జేబులో పెట్టుకుని ఉరవకొండలో టీ తాగుతాంటి. హ్యాండిలు పెద్దమ్మ కాడే ఉండనీ పెద్దాయనా. పసుపు మాత్రం ఆయమ్మ చేతికి ఇయ్యొద్దు."

"అయితే పూజ నువ్వు చెయ్యి," అన్నాడు జయరాముడు. "యాది ముక్కో, యాది నోరో సర్టిఫికెట్టు ఉన్నోనికి తెల్సు."

అలా కుదిరింది. వచ్చిన శుక్రవారం తిప్పేస్వామి తలస్నానం చేసి, కుంకుమ పొట్లంతో కుంట దగ్గరికి వచ్చాడు. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాంకు మీద, కందిగింజంత, ఒకే ఒక్క బొట్టు పెట్టాడు.

"అంతేనా? మరీ పిసినారివిరా నువ్వు."

"చాలు పెద్దమ్మా. అది బతకాల్లా, వద్దా?"

"సరే, పక్కకు జరుగు."

మీట ఎత్తి, హ్యాండిలు తిప్పి, వదిలింది. ఇంజను పట్టుకున్నాక ఆమె ఇంకేదో అంది. ఆ చప్పుడులో అతనికి వినబడలేదు. వినబడినట్టే తల ఊపి, పైపులకు నీళ్లు వదలడానికి చేలోకి దిగాడు.